తెలుగునాట ప్రభుత్వ విద్యా సంస్కరణలు, సామాజిక న్యాయం: విమర్శనాత్మక దృక్పథాలు

ప్రభుత్వ బడి ఎవరి కోసం? దాన్ని బాగుచేసే పేరుతో వచ్చిన పథకాలు ఎవరిని ముందుకు తెచ్చాయి, ఎవరిని వెనకే వదిలేశాయి? ఈ ప్రశ్నల మీద మన దేశంలో నూట నలభై ఏళ్లకు పైగా వాదం నడుస్తోంది. ఆ వాదాన్ని తెలుగు ప్రాంతాల అనుభవం ఆధారంగా పరిచయం చేయడం ఈ వ్యాసం పని. వాదంలో ఉన్నవాళ్లంతా ఒకే తీరు వాళ్లు కారు. ఫూలే–అంబేడ్కర్ ఆలోచనతో వచ్చినవాళ్లు, వామపక్ష ఉపాధ్యాయ సంఘాలు, బాల కార్మికుల మధ్య పనిచేసినవాళ్లు, ఆదివాసీ సంఘాలు, అంకెలతో మాట్లాడే ఆర్థికవేత్తలు ఇందులో ఉన్నారు. ఒకరి మాట ఇంకొకరికి గిట్టని సందర్భాలూ తక్కువేం కాదు. అయినా వీరిలో చాలామంది ఒక విషయం దగ్గర కలుస్తారు. ఊళ్లో ఉన్న బడిని అందరికీ పనికొచ్చేలా నిలబెట్టడం కన్నా, కొందరు పిల్లల్ని అందులోంచి ఏరి మరోచోట చేర్చడమే మన ప్రభుత్వాలకు సులువైన సంస్కరణగా కనిపించింది. ఏరగా మిగిలిన పిల్లల బడి ఏమైందన్న ప్రశ్న ఈ వాదమంతటా వినిపిస్తుంది.

తొలి వాదాలు

1882లో హంటర్ కమిషన్ ముందు జోతిరావు ఫూలే ఇచ్చిన వాంగ్మూలం ఈ విమర్శకు మొదటి పత్రం. ఖజానా నిండేది రైతు చెమటతో, ఆ డబ్బుతో పెద్ద చదువులు చదివేది పైకులాల పిల్లలు అన్నది ఆయన ఫిర్యాదు. పైవర్గాలకు చదువు చెబితే అది మెల్లగా కిందివారికి దిగుతుందన్న ఆనాటి సర్కారు నమ్మకాన్ని ఆయన నిలదీశారు. పన్నెండేళ్ల వయసు దాకా ప్రాథమిక విద్యను నిర్బంధం చేయాలని అడిగారు. 1906 నాటికి బరోడా సంస్థానం ఆ పని తన పరిధిలో చేసి చూపించింది. బ్రిటిష్ ఇండియాలో మాత్రం గోపాలకృష్ణ గోఖలే 1911లో తెచ్చిన బిల్లు మరుసటి ఏడాది కేంద్ర శాసనసభలో 13–38 ఓట్ల తేడాతో వీగిపోయింది. వీగిపోవడానికి సర్కారు అయిష్టత ఒక్కటే కారణం కాదు, జమీందారులూ కాదన్నారు. పిల్లలంతా బడికి పోతే పశువుల వెంట, పొలాల్లో పనికి ఎవరొస్తారన్న బెంగ అప్పటికే ఉంది.

నిజాం హైదరాబాదులో ఈ లోటును కొంతవరకు పూడ్చింది దళితుల సొంత ప్రయత్నమే. భాగ్యరెడ్డి వర్మ 1910 నుంచి ఆది హిందూ పిల్లల కోసం బడులు తెరిచారు. తరవాత అవి ప్రభుత్వం చేతికి వెళ్లాయి. మద్రాసు రాష్ట్రంలోని తెలుగు జిల్లాల్లో అంటరాని పిల్లల్ని ఊరి బడిలోకి రానివ్వని చోట ప్రభుత్వం వారికి వేరే బడులు పెట్టింది. చదువు అందింది గాని ఊరి గీత చెరగలేదు. పిల్లల్ని వేరుచేసి మేలు చేయడం న్యాయమా, కలిపి చదివించడం న్యాయమా అన్న చిక్కు అప్పుడే మొదలైంది. గురుకులాల మీద నేటి చర్చ వేళ్లు కూడా అక్కడే ఉన్నాయి.

1953లో మద్రాసు ముఖ్యమంత్రి రాజాజీ పల్లె బడుల కోసం కొత్త పద్ధతి తెచ్చారు. పిల్లలు రోజులో ఒక పూటే బడికి రావాలి, మిగతా సమయం తల్లిదండ్రుల వృత్తి నేర్చుకోవాలి. బడులు చాలక, డబ్బు లేక ఒకే గదిలో రెండు బృందాలను చదివించే ఏర్పాటు ఇదని ప్రభుత్వం సమర్థించుకుంది. కుమ్మరి కొడుకును కుమ్మరిగానే, చాకలి కూతురిని రేవు దగ్గరే ఉంచే కులవిద్య ఇదని పెరియార్, ద్రావిడ ఉద్యమం తిరగబడ్డాయి. ఆ ఏడాది అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం విడిపోయింది. మరుసటి ఏడాది రాజాజీ పదవి వదిలారు, కామరాజ్ వచ్చి పథకాన్ని ఎత్తేశారు. పొదుపు పేరుతో వచ్చే సంస్కరణ కులం మీద ఎలా పడుతుందో చెప్పడానికి విమర్శకులు నేటికీ ఈ ఘట్టాన్నే ముందు తలుచుకుంటారు.

ఉమ్మడి బడి: మాట మిగిలింది

రాజ్యాంగం 45వ అధికరణం పద్నాలుగేళ్ల లోపు పిల్లలందరికీ పదేళ్లలో, అంటే 1960 నాటికి, ఉచిత నిర్బంధ విద్య అందించే ప్రయత్నం చేయాలని చెప్పింది. గడువు దాటిపోయింది. 1964లో ఏర్పాటై 1966లో నివేదిక ఇచ్చిన కొఠారీ కమిషన్ ఉమ్మడి పాఠశాల విధానాన్ని సిఫారసు చేసింది. ఒక పేటలో ఉండే పిల్లలంతా కులం, మతం, డబ్బు తేడా లేకుండా ఆ పేట బడిలోనే చదవాలి. అందుకోసం ముందు ప్రతి బడినీ కనీస స్థాయికి తేవాలి. 1986 నాటికి జాతీయాదాయంలో 6 శాతం విద్యకు పెట్టాలి. 1968 జాతీయ విధానం ఈ ఆశయాన్ని ఒప్పుకుంది, 1986 విధానమూ పేరెత్తింది. 6 శాతం మాత్రం ఏనాడూ నిలకడగా అందలేదు. కలెక్టరు పిల్లలూ కూలీ పిల్లలూ ఒకే గదిలో కూర్చునే బడి దేశంలో ఎక్కడా ఓ విధానంగా కుదురుకోలేదు.

1990లో కేంద్రం వేసిన ఆచార్య రామమూర్తి కమిటీ ఈ లోపాన్ని ఎత్తిచూపింది. అందులో సభ్యుడైన అనిల్ సద్గోపాల్ ఆ తరవాత ముప్పై ఏళ్లు ఇదే వాదాన్ని వినిపిస్తూ వచ్చారు. పేదలకు రాత్రి బడి, అనియత కేంద్రం, మధ్యతరగతికి కాన్వెంటు, తెలివైన కొందరికి నవోదయ. ఇలా పొరలు పొరలుగా బడులు పెట్టడమంటే అసమానతకు ప్రభుత్వమే ముద్ర వేసినట్టని ఆయన వాదన. 2009లో మొదలైన అఖిల భారత విద్యా హక్కు వేదికకు హైదరాబాదు ముఖ్య స్థావరమైంది. ఆచార్య జి. హరగోపాల్ వంటివారు తెలుగు రాష్ట్రాల్లో దానికి గొంతు అయ్యారు. విద్యా పరిరక్షణ కమిటీలు, యూటీఎఫ్, డీటీఎఫ్ వంటి ఉపాధ్యాయ సంఘాలు తమ తమ దారుల్లో ఇదే డిమాండును మోశాయి.

సర్వేల్ నుంచి గురుకులాల దాకా

నవోదయ ఆలోచనకు పుట్టిల్లు తెలంగాణ. 1971లో పి.వి. నరసింహారావు ముఖ్యమంత్రిగా ఉండగా నల్లగొండ జిల్లా సర్వేల్‌లో రాష్ట్రంలోని మొదటి గురుకుల పాఠశాల తెరిచారు. మరుసటి ఏడాది గుంటూరు జిల్లా తాడికొండ, అనంతపురం జిల్లా కొడిగెనహళ్లి జతయ్యాయి. మూడు ప్రాంతాలకు మూడు బడులన్నమాట. పల్లెలోని చురుకైన పిల్లలకు తిండి, వసతి, మంచి పంతుళ్లు ఒకేచోట ఇస్తే వాళ్లు పట్నపు పిల్లలతో పోటీ పడగలరన్నది నమ్మకం, ఆ నమ్మకం నిజమైంది. అక్కడ చదివినవాళ్లు ఐఏఎస్‌లు, డాక్టర్లు, ఇంజినీర్లు అయ్యారు. పీవీ 1985లో కేంద్రంలో మానవ వనరుల శాఖ చేపట్టాక అదే నమూనా నవోదయ విద్యాలయాలుగా దేశమంతా వెళ్లింది.

ఎన్టీఆర్ ప్రభుత్వ కాలంలో, 1980లలో, సాంఘిక సంక్షేమ గురుకులాలు వచ్చాయి. తరవాత గిరిజన, బీసీ, మైనారిటీ సొసైటీలు విడివిడిగా ఏర్పడ్డాయి. తెలంగాణ రాష్ట్రం వచ్చాక సంఖ్య ఇంకా వేగంగా పెరిగి దాదాపు వెయ్యికి చేరింది. 2014 మే నెలలో ఈ గురుకులాల విద్యార్థులు మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కారు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్లు నిండలేదు. దళిత, గిరిజన కుటుంబాలకు ఆ వార్త తమ పిల్లల శక్తి మీద సమాజానికున్న చిన్నచూపుకు జవాబుగా వినిపించింది.

గురుకులాలను అంబేడ్కర్ వాదులు గట్టిగా సమర్థిస్తారు, ఆ సమర్థనను తేలిగ్గా తీసేయడం తగదు. వాళ్లు చెప్పేదిది: ఊరి బడి ఊరి కులపటంలోనే ఉంటుంది. వాడ నుంచి వచ్చిన పిల్ల ఎక్కడ కూర్చోవాలో, మంచినీళ్లు ఎవరు పోయాలో, మరుగుదొడ్డి ఎవరు కడగాలో చెప్పకుండానే తేలిపోతుంది. మధ్యాహ్న భోజనంలో వంట చేసేది దళిత స్త్రీ అయితే పిల్లల్ని తిననివ్వని ఊళ్లు ఉన్నాయని సుఖదేవ్ థోరాట్, జోయెల్ లీ ఆంధ్రప్రదేశ్‌తో సహా అయిదు రాష్ట్రాల్లో చేసిన సర్వే 2005లో బయటపెట్టింది. అలాంటి ఊరి నుంచి పిల్ల బయటపడి, మూడుపూటలా తిని, పక్కనున్న వారితో సమానంగా మంచం వేసుకుని చదవడమే ఒక విముక్తి. ఉమ్మడి బడి వచ్చేదాకా ఆగమని ఆ తల్లికి చెప్పే హక్కు ఎవరికుంది?

విమర్శ ఇంకో వైపు నుంచి వస్తుంది. ఒక పల్లె ప్రాథమిక బడిని తీసుకుందాం. అయిదో తరగతిలో పదిమంది పిల్లలు, ఇద్దరు టీచర్లు. చలికాలం దాటగానే గురుకుల ప్రవేశ పరీక్షకు తయారీ మొదలవుతుంది. టీచరు మనసంతా సీటు రాగల నలుగురి మీదే ఉంటుంది, వాళ్లకు సాయంత్రం అదనపు పాఠాలు. వేసవిలో ఆ నలుగురూ పెట్టె సర్దుకుని వెళ్లిపోతారు. వాళ్లతో పాటు బడి గురించి సర్పంచిని అడిగే, తల్లిదండ్రుల కమిటీలో నోరు విప్పే కుటుంబాలూ ఆ బడితో సంబంధం తెంచుకుంటాయి. మిగిలిన ఆరుగురు పక్క ఊరి ఉన్నత పాఠశాలకు నడుస్తారు. వాళ్లలో పనికి పోయే తల్లి వెంట చెల్లిని చూసుకుంటూ బడి మానేవాళ్లు ఉంటారు, చదవడం సరిగ్గా రాకుండానే ఆరో తరగతికి చేరినవాళ్లూ ఉంటారు. గురుకులం గెలుపు లెక్కల్లో ఆ ఆరుగురు కనిపించరు. ఈ విమర్శలో బలం ఉంది. కానీ దానికి జవాబు గురుకులాన్ని మూసేయడం కాదు, ఆ ఆరుగురి బడికి ముగ్గురు నలుగురు టీచర్లను ఇవ్వడం.

గురుకులాల లోపలి పరిస్థితి మీదా ఫిర్యాదులు పెరిగాయి. అద్దె భవనాలు, కాంట్రాక్టు టీచర్లు, ఆహారం వికటించి పిల్లలు ఆసుపత్రుల పాలైన ఘటనలు వార్తల్లోకి ఎక్కాయి. తెలంగాణ ప్రభుత్వం 2024లో మెస్ చార్జీలను 40 శాతం పెంచింది. కులానికో సొసైటీ పెట్టి పిల్లల్ని మళ్లీ వేరు చేస్తున్నారన్న మాట కూడా చాలాకాలంగా ఉంది. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ గురుకులాలను ఒకే ప్రాంగణంలోకి తెస్తామంటూ 2024లో మొదలుపెట్టిన యంగ్ ఇండియా సమీకృత గురుకులాలు కొంతవరకు ఆ మాటకు స్పందనే. కలిపి చదివించడం మంచిదే. అయితే ఆ ప్రాంగణం గేటు దగ్గరా ప్రవేశ పరీక్షే కాపలా కాస్తుంది.

పని నుంచి బడికి

తెలుగు నేల ఈ చర్చకు అందించిన అతి సొంతమైన ఆలోచన రంగారెడ్డి జిల్లా నుంచి వచ్చింది. మామిడిపూడి వెంకటరంగయ్య పేరిట 1981లో ఏర్పడిన ఫౌండేషన్, శాంతా సిన్హా నాయకత్వంలో, 1990ల మొదట్లో వెట్టిచాకిరీలో ఉన్న పిల్లల్ని బడిలో చేర్చే పని చేపట్టింది. అప్పటిదాకా అధికారుల్లో, చదువుకున్నవారిలో స్థిరపడిన నమ్మకం ఒకటుండేది: పేదరికం పోతే గాని పిల్లలు పని మానరు, పేద తల్లిదండ్రులకు చదువు మీద ఆశ లేదు, కాబట్టి పనిచేసే పిల్లలకు రాత్రి బడి చాలు. అమెరికన్ రాజనీతి పండితుడు మైరన్ వీనర్ 1991లో రాసిన పుస్తకంలో ఈ నమ్మకాన్నే తప్పుబట్టారు. దేశం నిర్బంధ విద్య తేలేకపోవడానికి పేదరికం కన్నా, చేతులతో పనిచేసేవారి పిల్లలు చేతులతోనే పనిచేయాలన్న పైవర్గాల మనసు కారణమన్నారు.

ఫౌండేషన్ ఈ వాదాన్ని ఊళ్లలో తేల్చి చూపించింది. బడికి పోని ప్రతి బిడ్డా బాల కార్మికురాలే, బాల కార్మికుడే అన్నది దాని సూత్రం. ఇంట్లో చెల్లిని ఎత్తుకునే పిల్ల, గొర్లు కాసే పిల్లవాడు అందరూ ఆ లెక్కలోకే వస్తారు. పదేళ్లు దాటిన పిల్లను ఒకటో తరగతిలో కూర్చోబెడితే సిగ్గుపడి పారిపోతుంది. అందుకని కొన్ని నెలల పాటు బ్రిడ్జి శిబిరాల్లో ఉంచి, వయసుకు తగ్గ తరగతికి తయారుచేసి చేర్పించేవారు. శిబిరంలో మొదటి వారాలు పాఠం కన్నా పాటలు, ఆటలు, కబుర్లే ఎక్కువ. పొద్దున లేవగానే పనికి కాకుండా పలక దగ్గరికి రావడం శరీరానికి అలవాటు కావాలి గదా.

ఈ పోరాటం ఎక్కువ కష్టమైన చోటు సంకర పత్తి విత్తనాల పొలం. కర్నూలు, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో దాన్ని క్రాసింగ్ పని అంటారు. సాయంత్రం మొగ్గ విప్పి కేసరాలు తీసేయాలి, మర్నాడు పొద్దున మగ చెట్టు పువ్వు తెచ్చి దాని పుప్పొడి అద్దాలి. ఒక్కో మొగ్గా ఒక్కో చేతిపనే. వంగకుండానే మొక్క ఎత్తుకు సరిపోతారని, వేళ్లు సన్నగా ఉంటాయని ఆడపిల్లల్నే పెట్టేవారు. తల్లిదండ్రులకు ముందే అడ్వాన్సు ఇచ్చి పిల్లల్ని కట్టేసేవారు. బడి తెరిచిన నెలా రెండు నెలల్లో ఈ పని మొదలై చలికాలం దాకా సాగేది. అంటే చదువుకోవాల్సిన ముఖ్యమైన నెలలన్నీ పొలంలోనే. ఆ సీజన్ అయ్యాక బడికి వచ్చిన పిల్లకు తరగతి ఎక్కడుందో అర్థమయ్యేది కాదు. డ్రాపౌట్ అన్న ఖానాలో ఆమె పేరు చేరేది. బడి మానేసింది ఆమె కాదు, బడి మాన్పించింది అడ్వాన్సు.

శాంతా సిన్హాకు 2003లో మెగసెసే పురస్కారం వచ్చింది. 2007లో ఏర్పడిన జాతీయ బాలల హక్కుల పరిరక్షణ కమిషన్‌కు ఆమె మొదటి అధ్యక్షురాలు. 2016లో బాల కార్మిక చట్టాన్ని సవరించి, బడి వేళల తరవాత కుటుంబ వృత్తిలో పిల్లలు సాయపడవచ్చని మినహాయింపు ఇచ్చినప్పుడు ఆమె వ్యతిరేకించారు. 1953 నాటి వాదం మరో రూపంలో తిరిగి వచ్చిందనడానికి ఆ మినహాయింపే సాక్ష్యం.

విదేశీ సాయం, కాంట్రాక్టు, చౌక బడి

1996లో బ్రిటన్ ప్రభుత్వ మద్దతుతో కరీంనగర్, కర్నూలు, నెల్లూరు, విజయనగరం, వరంగల్ జిల్లాల్లో జిల్లా ప్రాథమిక విద్యా పథకం మొదలైంది. కొత్త గదులు, మండల స్థాయి శిక్షణ కేంద్రాలు, బోధన సామగ్రి వచ్చాయి, అవి పనికొచ్చాయి కూడా. దాంతోపాటు విద్యా వాలంటీర్లు వచ్చారు. టీచరు పోస్టు భర్తీ చేయకుండా ఊళ్లో ఇంటర్ చదివిన యువతిని కొద్దిపాటి గౌరవ వేతనం మీద పెట్టుకోవడం ఆనాటి నుంచి రివాజైంది. సంస్కరణ పేరుతో ప్రభుత్వం తన శాశ్వత బాధ్యతను తగ్గించుకుంటోందని కృష్ణకుమార్ వంటి విద్యావేత్తలు అభ్యంతరం చెప్పారు.

ఇంచుమించు అదే కాలంలో హైదరాబాదు పాతబస్తీ ప్రపంచ చర్చలోకి ఎక్కింది. బ్రిటిష్ విద్యావేత్త జేమ్స్ టూలీ 2000లో చార్మినార్ పరిసరాల సందుల్లో చిన్న చిన్న ప్రైవేటు బడులు చూసి, పేదలే తమ పిల్లల చదువును కొనుక్కుంటున్నారని, సర్కారు బడి కన్నా అవే మెరుగని రాశారు. పేదలు ఫీజు కట్టే బడిని ఎంచుకోవడం నిజమే. కానీ ఆ ఎంపిక వెనక ఉన్నది స్వేచ్ఛా, గతిలేకపోవడమా అన్న ప్రశ్నను ఆయన దాటవేశారని పద్మా సారంగపాణి, క్రిస్టఫర్ వించ్ 2010లో విమర్శించారు.

ఇక్కడ ఆంధ్రప్రదేశ్‌లోనే జరిగిన ఓ ప్రయోగం దగ్గర ఆగాలి. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ 2008 నుంచి అయిదు జిల్లాల పల్లెల్లో లాటరీ తీసి, కొందరు ప్రభుత్వ బడి పిల్లలకు ప్రైవేటు బడిలో చేరేందుకు వోచర్లు ఇచ్చారు. నాలుగేళ్ల తరవాత చూస్తే తెలుగు, లెక్కల్లో ఇరువురి మధ్య తేడా లేదు. హిందీలో మాత్రం ప్రైవేటు పిల్లలు ముందున్నారు, ఎందుకంటే ప్రభుత్వ ప్రాథమిక బడిలో హిందీ లేదు. అయితే ప్రైవేటు బడులు తెలుగు, లెక్కలకు తక్కువ సమయం పెట్టి ఆ ఫలితం తెచ్చాయి. పైగా ఒక్కో పిల్లకు అయిన ఖర్చు ప్రభుత్వ ఖర్చులో మూడోవంతు కూడా లేదు. 2015లో అచ్చయిన ఈ ఫలితాలను రెండు పక్షాలూ తమవే అన్నాయి. ఒకరు, మూడోవంతు ఖర్చుతో అదే చదువు వస్తుంటే ప్రజల డబ్బు ఎందుకు వృథా అన్నారు. మరొకరు, ప్రైవేటులో చేరితే పిల్లలకు తెలివి పెరుగుతుందన్న భ్రమ తేలిపోయింది కదా అన్నారు.

ఈ వ్యాసకర్త దృష్టిలో అసలు ప్రశ్న ఆ చౌకదనం ఎక్కడిదన్నది. ప్రైవేటు బడి టీచరు జీతం సర్కారు టీచరు జీతంలో ఆరోవంతు కన్నా తక్కువ. ఆ జీతానికి పనిచేసేది ఎక్కువగా పెళ్లి కావాల్సిన, లేదా ఊరు దాటి ఉద్యోగానికి పోలేని చదువుకున్న ఆడపిల్లలు. వారికి వేరే దారి లేకపోవడమే ఆ పొదుపు. ఒక పేద వర్గానికి చదువు చవగ్గా దొరకాలంటే ఇంకో వర్గం స్త్రీల శ్రమ చవగ్గా ఉండాలంటే దాన్ని సామర్థ్యం అనగలమా? కొడుకును ప్రైవేటుకు, కూతురిని సర్కారు బడికి పంపే కుటుంబాల లెక్క కూడా ఇందులో కలపాలి. అదే సమయంలో ప్రభుత్వ బడిని సమర్థించేవారు తప్పించుకోలేని మాటొకటి ఉంది. పూర్తి జీతం తీసుకుంటూ తరగతిలో లేని టీచరు వల్ల నష్టపోయింది కూడా ఈ పేద పిల్లలే. ఉపాధ్యాయ సంఘాలు ఖాళీ పోస్టుల మీద చేసినంత పోరాటం ఈ విషయం మీద చేయలేదు.

హక్కుగా మారిన చదువు

చదువు ప్రాథమిక హక్కన్న తీర్పు ఓ ఆంధ్రప్రదేశ్ కేసులో వచ్చింది. క్యాపిటేషన్ ఫీజుల మీద ప్రైవేటు వృత్తివిద్యా కళాశాలలు వేసిన ఉన్నికృష్ణన్ కేసులో సుప్రీంకోర్టు 1993లో పద్నాలుగేళ్ల లోపు పిల్లలకు విద్య జీవించే హక్కులో భాగమంది. 2002 రాజ్యాంగ సవరణ, 2009 విద్యా హక్కు చట్టం దాని కొనసాగింపు. చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. ఆరేళ్ల లోపు, పద్నాలుగేళ్లు దాటిన పిల్లల్ని వదిలేసిందన్నది దాని మీద మొదటి విమర్శ. ప్రైవేటు బడుల్లో 25 శాతం సీట్లు బలహీన వర్గాలకు ఇచ్చి ఫీజు ప్రభుత్వం కట్టే నిబంధన మీద వివాదం ఇంకా పెద్దది. ఒక గదిలో వేర్వేరు తరగతుల పిల్లలు కలిసి పెరగడానికి ఇదొక్కటే దారి అని కొందరంటే, ప్రభుత్వ బడి మంచిది కాదని ప్రభుత్వమే ఒప్పుకుని ప్రజల సొమ్ము ప్రైవేటుకు మళ్లించడం ఇది అని మరికొందరు అన్నారు. 2014లో మైనారిటీ విద్యాసంస్థలన్నింటికీ కోర్టు మినహాయింపు ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 దాకా 25 శాతం నిబంధన ఆచరణలోకి రాలేదు, తెలంగాణలో ఇంకా ఎక్కువ కాలం కాగితాల మీదే ఉండిపోయింది.

ఏ భాషలో

మాధ్యమం గొడవ ఈ చర్చలో అన్నిటికన్నా వేడిది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2019 నవంబరులో ప్రభుత్వ బడులన్నింటినీ ఒకటో తరగతి నుంచి ఇంగ్లిష్ మీడియం చేస్తూ జీవోలిచ్చింది. 2020 ఏప్రిల్ 15న హైకోర్టు వాటిని కొట్టేసింది. వీలైనంతవరకు మాతృభాషలో బోధించాలన్న విద్యా హక్కు చట్టం నిబంధన అందుకు ఒక ఆధారం. వ్యవహారం సుప్రీంకోర్టుకు వెళ్లింది. తెలంగాణ కూడా 2022–23 నుంచి ప్రభుత్వ బడుల్లో ఇంగ్లిష్ మీడియం మొదలుపెట్టింది. రెండు రాష్ట్రాలూ ఒక పేజీలో తెలుగు, ఎదురు పేజీలో ఇంగ్లిష్ ఉండే పుస్తకాలు అచ్చువేశాయి.

కంచ ఐలయ్య వాదన సూటిగా ఉంటుంది: తెలుగు చచ్చిపోతుందని బాధపడే పెద్దలంతా తమ పిల్లల్ని ఇంగ్లిష్ మీడియంలో చదివించుకున్నారు, భాషను కాపాడే భారం మాత్రం దళిత, బహుజన పిల్లల మీద పెడుతున్నారు. కర్ణాటక కేసులో 2014లో వచ్చిన తీర్పు ఈ వాదానికి అనుకోని బలమిచ్చింది. ప్రైవేటు బడుల మీద మాతృభాషా మాధ్యమాన్ని రుద్దడానికి ప్రభుత్వానికి అధికారం లేదని అందులో కోర్టు చెప్పింది. అంటే తెలుగు మాధ్యమం నిర్బంధం చేస్తే అది పేదలకే వర్తిస్తుంది. ఎదుటిపక్షం భాషాశాస్త్రం ఆధారంగా చెప్పేది కూడా నిజమే. అర్థం కాని భాషలో లెక్క నేర్చుకునే ఆరేళ్ల పిల్ల లెక్కనూ భాషనూ రెండింటినీ పోగొట్టుకుంటుంది. ఇంగ్లిష్‌లో తడబడే టీచరు పుస్తకం చదివించి, తెలుగులో అర్థం చెప్పి, ఇంగ్లిష్‌లో జవాబు బట్టీ పట్టించే తరగతి నేడు మామూలైపోయింది. ఆ కుటుంబాలు అడుగుతున్నది ఇంగ్లిష్ బాగా రావాలని. ప్రభుత్వాలు ఇచ్చింది బోర్డు మీద మాధ్యమం మార్పు. అడిగినదానికీ ఇచ్చినదానికీ మధ్య టీచర్ల శిక్షణ అనే పెద్ద ఖాళీ ఉంది, దానికి కావలసిన ఖర్చు, ఓపిక ఎవరూ పెట్టలేదు.

గోడలు మారాయి

ఆంధ్రప్రదేశ్‌లో 2019 నవంబరులో మొదలైన నాడు–నేడు పథకం తొలి విడతలో 15,715 బడులకు మరుగుదొడ్లు, తాగునీరు, ఫ్యాన్లు, బెంచీలు, రంగులు వచ్చాయి. బడి అందంగా ఉండటం పేద పిల్లల ఆత్మగౌరవానికి సంబంధించిన విషయం, దాన్ని చిన్నచూపు చూసినవారు పొరబడ్డారు. అమ్మ ఒడి కింద తల్లికి ఏటా 15,000 రూపాయలు ప్రకటించారు. ప్రైవేటులో చదివే పిల్లల తల్లులకూ అది వర్తించడంతో, సర్కారు డబ్బు ఫీజుగా ప్రైవేటు యాజమాన్యాలకు చేరుతోందన్న విమర్శ వచ్చింది. మరుగుదొడ్ల ఫొటోలు, భోజనం ఫొటోలు, హాజరు ఫొటోలు యాప్‌లలోకి ఎక్కించడంలోనే పొద్దుపోతోందని టీచర్లు రోడ్డెక్కారు. నెట్‌వర్క్ రాని ఊళ్లో ఒక్కడే టీచరైతే, సిగ్నల్ కోసం గట్టు మీదికి వెళ్లిన ఆ పావుగంట అయిదు తరగతులకూ సారు లేనట్టే.

2022 జూన్‌లో వచ్చిన 117 జీవో ఇంకా లోతుగా తాకింది. 2020 జాతీయ విద్యా విధానం స్ఫూర్తితో 3, 4, 5 తరగతులను దగ్గరి ఉన్నత పాఠశాలల్లో కలిపారు. సబ్జెక్టు టీచర్లు దొరుకుతారన్నది కారణం. ఊరి బడిలో 1, 2 తరగతులు, ఒక్క టీచరు మిగిలారు. ఎనిమిదేళ్ల పిల్ల జాతీయ రహదారి దాటి, కాలవ గట్టు మీద నడిచి వెళ్లాల్సి వచ్చిన చోట తల్లిదండ్రులు బడికి తాళాలు వేసి ధర్నా చేశారు. కొందరు ఆ దూరం నడిపించే బదులు ఇంటి ముందుకు బస్సు వచ్చే ప్రైవేటు బడికి మార్చేశారు. పిల్లలు తగ్గారని బడి కలపడం, కలిపారని పిల్లలు తగ్గడం! 2025లో కొత్త ప్రభుత్వం ఆ జీవోను రద్దు చేసి మోడల్ ప్రైమరీ స్కూళ్ల పద్ధతి తెచ్చింది. తరగతికో టీచరు అన్న పాత డిమాండుకు అది దగ్గరగా వచ్చినా, పిల్లలు తక్కువున్న బడుల భవిష్యత్తు మీద వాదన ఆగలేదు. తెలంగాణలో ఒక్క విద్యార్థీ లేని బడుల జాబితా ఏటా వార్త అవుతోంది. అక్కడ బడికి పోయే పిల్లల్లో సగానికి పైగా ఇప్పుడు ప్రైవేటులోనే ఉన్నారు.

మన్యంలో

ఏజెన్సీ ప్రాంతాలకు వచ్చేసరికి పైన చెప్పిన ప్రశ్నలన్నీ ఒకేచోట ముడిపడతాయి. సవర గూడెం నుంచి వచ్చిన బిడ్డకు తెలుగే పరాయి భాష. తెలుగా ఇంగ్లిషా అన్న తగవులో ఆ బిడ్డ లేనే లేదు. గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో సవర నేర్చుకుని, ఆ భాషలో వాచకాలు రాసి, బడులు నడిపి వందేళ్లు దాటింది. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సవర, కువి, కోయ, గోండి, కొలామి వంటి ఎనిమిది భాషల్లో బహుభాషా విద్య మొదలుపెట్టింది. ఇంటి భాషలో చదువు ప్రారంభించి తరవాత తెలుగులోకి తీసుకెళ్లే ఈ పద్ధతి మంచిదని పిల్లల హాజరే చెప్పింది. కానీ ఆ భాష వచ్చిన టీచరు బదిలీ అయితే పుస్తకాలు బీరువాలో ఉండిపోతాయి.

అందుకే 3వ నంబరు జీవో అంత ముఖ్యమైంది. 2000 జనవరిలో వచ్చిన ఆ ఉత్తర్వు షెడ్యూల్డు ప్రాంతాల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే ఇచ్చింది. మైదానం నుంచి వచ్చే టీచర్లు కొండ మీద ఉండరు, వారానికి రెండు రోజులు వచ్చి సంతకాలు పెట్టి వెళ్తారన్నది అనుభవం మీద వచ్చిన కారణం. వేలమంది ఆదివాసీ యువత ఆ ఉత్తర్వు వల్ల సొంత గూడెంలో పంతుళ్లయ్యారు. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం నూటికి నూరు శాతం రిజర్వేషన్ చెల్లదని దాన్ని కొట్టేసింది. అప్పటికే జరిగిన నియామకాలను షరతుల మీద కాపాడింది. సమానావకాశం అన్న సూత్రాన్ని కోర్టు ఉద్యోగార్థుల మధ్య కొలిచింది. ఆదివాసీ సంఘాలు అడిగేది దాన్ని పిల్లల మధ్య కొలవమని: మైదానంలోని బిడ్డకు తన భాష తెలిసిన టీచరు దొరికినప్పుడు కొండ మీది బిడ్డకు ఎందుకు దొరకకూడదు? రెండు రాష్ట్రాల్లోనూ ఆ ఉత్తర్వు స్థానంలో చట్టం తేవాలన్న డిమాండు ఉంది. 2025లో ఆంధ్రప్రదేశ్ 16,347 పోస్టులతో మెగా డీఎస్సీ ప్రకటించినప్పుడు, ఏజెన్సీకి ప్రత్యేక డీఎస్సీ కావాలని మన్యంలో బంద్ పాటించారు.